కొండ దిగిపోయే రూపాయి

(బెంగళూరులో తెలుగువారి నెలవారీ సభలో నీలగిరి జిల్లాలో పనిచేసిన ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా అండీ? సరే.

నన్ను పరిచయం చేస్తూ "ఈయన ఊటీ గురించి మాట్లాడతారు" అనగానే ఎవరో "ఎండలు మొదలయ్యాయిగా మరి" అన్నారు. (నవ్వులు) నిజమే. బళ్లకి సెలవులిస్తే చాలు, సగం బెంగళూరు గుండ్లుపేట మీదుగా బందీపూర్ అడవి దాటుకుని కొండెక్కుతుంది. బోటు షికారు, గులాబీ తోట, చిన్న రైలు, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నేను ఆ కొండ మీద అప్పులిచ్చినవాణ్ణి, వసూలు చేసినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసింది ఆ ఊరి జేబు. అందులోకి డబ్బు ఎటునుంచి వస్తుంది, వచ్చింది ఎంతసేపు నిలుస్తుంది, ఇదే ఇవాళ్టి మాట.

బ్రిగేడ్ రోడ్డులో నీలగిరీస్ అని ఒక దుకాణం. పాతవాళ్లందరికీ తెలుసు. అక్కడి బ్రెడ్డు, వెన్న, కేకులు తిననివాళ్లు ఈ హాల్లో ఉండరు. అది 1905లో కూనూరు ప్రాంతంలో వెన్న వ్యాపారంగా మొదలైంది. 1936లో బెంగళూరు వచ్చింది. ఇక్కడే పెరిగింది, ఇక్కణ్ణుంచే మిగతా ఊళ్లకి పాకింది. అంటే వెన్న పుట్టింది కొండ మీద, పేరు కొండది, వ్యాపారం పెరిగింది మాత్రం మైదానంలో. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు, కొనేవాళ్లు ఎక్కడుంటే దుకాణం అక్కడికే వెళ్తుంది. కాకపోతే నీలగిరి కథలో ఇది మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంది.

కరెంటు తీసుకోండి. పైకారా నది నీళ్లని కొండ అంచు నుంచి గొట్టాల్లో కిందికి వదిలి 1932లో విద్యుత్తు తీయడం మొదలుపెట్టారు. ఆ కరెంటు కోయంబత్తూరు వెళ్లింది. అక్కడ స్పిన్నింగు మిల్లులు, మోటారు పంపుల కార్ఖానాలు అంతగా విస్తరించడానికి ఆ కరెంటు ఒక పెద్ద కారణం. నీళ్లు కొండవి, మిల్లులు కిందివాళ్లవి. తర్వాత ఆ కొండ పిల్లలే ఉద్యోగాల కోసం బస్సెక్కి ఆ మిల్లులున్న ఊళ్లకి దిగారు.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను. 2001 జనాభా లెక్కల్లో ఊటీ మునిసిపాలిటీలో దాదాపు 94 వేల మంది. 2011కి 88 వేల చిల్లర. ఊరొక్కటే కాదు, నీలగిరి జిల్లా మొత్తం 7 లక్షల 62 వేల నుంచి 7 లక్షల 35 వేలకి తగ్గింది. ఆ పదేళ్లలో తమిళనాడులో జనం తగ్గిన జిల్లా అదొక్కటే. అదే పదేళ్లలో హోటళ్లు లేచాయి, లాడ్జిలు లేచాయి, సీజన్లో రోడ్డు మీద కాలు పెట్టే సందు లేదు. వ్యాపారం పెరుగుతోంది, మనుషులు తగ్గుతున్నారు. ఊరు బాగుపడుతోందని చెప్పేవాళ్లని నేను ముందు ఈ రెండు మాటలకీ పొత్తు కుదర్చమంటాను.

మనుషులు ఎందుకు దిగిపోయారు? రెండు దెబ్బలు తగిలాయి. ఒకటి తేయాకు. దాని దగ్గరికి వస్తాను, అది పెద్ద కథ. రెండోది ఫిల్ము ఫ్యాక్టరీ. హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1960లో పెట్టారు. "ఇందు" ఫిల్ము గుర్తుందా? మన పాత నలుపు తెలుపు ఫొటోలు, ఆసుపత్రుల్లో ఎక్స్‌రే షీట్లు. ఫిల్ము తయారీకి దుమ్ము లేని చల్లని గాలి కావాలి, అది ఊటీలో ఊరికే దొరుకుతుంది. ఊళ్లో నెలజీతం కుటుంబాలు వేలల్లో ఉండేవి. క్వార్టర్సు, స్కూలు, పండక్కి బోనసు. తొంబైల్లో అది ఖాయిలా పడింది, తర్వాత డిజిటల్ కెమెరా వచ్చి మిగిలిన ఊపిరి తీసింది. ఒక ఫ్యాక్టరీ మూతపడితే జీతాలే కాదు, ఆ జీతాల మీద బతికే బట్టలకొట్టు, చీటీల వ్యాపారం, ట్యూషన్ మాస్టారు, అందరూ పోతారు. మా ఖాతాల్లో అది కళ్లకు కట్టినట్టు కనిపించేది.

అయినా ఆ ఫ్యాక్టరీని అక్కడ పెట్టినవాళ్ల ఆలోచన మంచిదే. కొండ మీద పరిశ్రమ నిలవాలంటే సరుకు తేలిగ్గా ఉండాలి, ధర బరువుగా ఉండాలి. ఘాట్ రోడ్డు మీద టన్నులు దింపే వ్యాపారం లారీవాణ్ణే బాగుచేస్తుంది. కేత్తి లోయలో ఒక సూదుల కంపెనీ ఉంది, 1949 నుంచి. "పోనీ" బ్రాండు సూదులు. ఇంట్లో ఆడవాళ్ల కుట్టుపెట్టె వెతకండి, అల్లిక సూదులో కుట్టు సూదులో ఏదో ఒకటి దొరుకుతుంది. కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1907 నుంచి ఉంది, కుక్కకాటు వ్యాక్సిన్‌కి పేరు. అరువంకాడులో కార్డైట్ ఫ్యాక్టరీ, అంటే తుపాకీ మందు చేసేది, అంతకంటే పాతది. వెల్లింగ్టన్లో మిలిటరీ. సూది, వ్యాక్సిన్, మందుగుండు, ఫిల్ము, అన్నీ చేతిసంచిలో పట్టే సరుకులే. టూరిస్టులు ఎక్కువొచ్చే ఊటీ కంటే, తక్కువొచ్చే కూనూరులో మా వాయిదాలు సరిగ్గా వసూలయ్యేవంటే ఈ నెలజీతాల వల్లే.

ఇక తేయాకు.

మనవాళ్లు చాలామంది ఊటీ తేయాకు అంటే దొరల ఎస్టేట్లు అనుకుంటారు. ఎస్టేట్లు ఉన్నాయి. కానీ జిల్లాలో పదుల వేల మంది చిన్న రైతులున్నారు, ఎక్కువమంది అక్కడి బడగ అనే సమాజంవాళ్లు. ఎకరం, రెండెకరాలు. ఒకప్పుడు బంగాళాదుంప వేసేవాళ్లు, కొర్రలు సామలు వేసేవాళ్లు. దుంపలకి నులిపురుగు తెగులు తగిలింది, ధర నిలకడ లేదు, పైగా తేయాకు నెలనెలా చేతికి డబ్బిస్తుంది. అలా తోటలు పెరిగాయి. సోవియట్ యూనియన్ ఆ టీపొడి కొన్నంతకాలం బాగానే సాగింది. అది కూలిపోయిన తర్వాత కొన్నేళ్లకి పెద్ద కొనుగోలుదారు చెయ్యి జారాడు. తొంబైల చివర్లో కిలో ఆకు ఐదారు రూపాయలకి పడిపోయింది. కోత కూలి కూడా రాదు. తోటని కొయ్యకుండా వదిలేస్తే అది చెట్లయి కూర్చుంటుంది, కోస్తే నష్టం. అప్పుడే చాలా ఇళ్లల్లో కొడుకులు కోయంబత్తూరుకో, మన బెంగళూరుకో బస్సెక్కారు.

ఆకు తూచే చోటు ఎలా ఉంటుందో చెబుతాను, మీరు టూరుకి వెళ్లినా అది కంటపడదు. సాయంత్రం నాలుగు దాటాక ఊరి మలుపు దగ్గర ఆకు కొనే ఏజెంటు వ్యాను ఆగుతుంది. ఆడవాళ్లు, ముసలాళ్లు వల సంచుల్లో ఆకు నెత్తిన పెట్టుకుని వస్తారు. వేలాడే తక్కెడ. సంచి తగిలిస్తాడు, ముల్లు ఊగుతుండగానే అంకె చదివేస్తాడు. ఆ అంకెలోంచి తరుగు తీస్తాడు. మబ్బు పట్టి ఆకు తడిగా ఉంటే తరుగు పెరుగుతుంది, ఎండకి వాడితే "ఆకు కమిలింది" అని ఇంకో కోత. చిన్న నోటుబుక్కులో రాసిస్తాడు. ధర? ఆ రోజు ధర ఉండదు. నెలాఖరుకి ఫ్యాక్టరీ చెప్పిందే ధర. ఏం రేటుకి అమ్మాడో తెలియకుండా సరుకు అమ్మే రైతుని మీరు వరిలో చూశారా, మిర్చిలో చూశారా? గుంటూరు యార్డులో ఎంత గొడవ జరిగినా అమ్మిన రోజే ధర తెలుస్తుంది.

ప్రభుత్వం ఊరుకుందని కాదు. టీ బోర్డు నెలనెలా కనీస ధర ప్రకటిస్తుంది. వేలంలో పలికిన ధరలో 65 పాళ్లు రైతుకి, 35 పాళ్లు ఫ్యాక్టరీకి అని సూత్రం. వినడానికి బాగుంటుంది. లెక్క కోసం ఒక అంకె అనుకుందాం: కూనూరు వేలంలో కిలో టీపొడి 100 రూపాయలు పలికింది. రైతు వాటా 65. ఆ కిలో పొడికి నాలుగున్నర కిలోల పచ్చి ఆకు పోయింది. అంటే కిలో ఆకుకి పద్నాలుగు రూపాయల చిల్లర. అందులో కోత కూలి, ఎరువు, మందు, వ్యాను, తరుగు. మిగిలేది మీరే చూసుకోండి. అదే పొడి పెద్ద కంపెనీ డబ్బాలోకి వెళ్లాక మీరు షాపులో ఎంతకి కొంటున్నారో మీకు తెలుసు. ఆ తేడా పుట్టేది ఆకులో కాదండీ, కలపడంలో, ప్యాకెట్లో, పేరులో. ఆ మూడూ కొండ కింద జరుగుతాయి.

సహకార ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఇండ్‌కోసర్వ్ అని సమాఖ్య, దాని కింద 16 ఫ్యాక్టరీలు. తమిళనాడు రేషన్ షాపుల్లో "ఊటీ టీ" అని అమ్మేది వాళ్లదే. రైతు సభ్యుడు, ఆకు సొసైటీకే పొయ్యాలి. కానీ కూతురి పెళ్లికి అడ్వాన్సు ఇచ్చేది ఎవరు? ఏజెంటు. బ్యాంకుకొస్తే మేం పట్టా అడుగుతాం, భూమి మీద అప్పులేమీ లేవని చెప్పే ఈసీ అడుగుతాం, పట్టా తాత పేరు మీద ఉంటుంది. ఏజెంటు నోటుబుక్కు చూసి ఇస్తాడు. అడ్వాన్సు తీసుకున్నవాడి ఆకు సొసైటీకి రాదు, ఆకు చాలక సొసైటీ ఫ్యాక్టరీ సగం పూటే నడుస్తుంది, నష్టం వస్తుంది, ధర తగ్గుతుంది, ఇంకొంతమంది ఏజెంటు దగ్గరికి పోతారు. మా వృత్తివాళ్లకి ఇందులో వాటా లేదని నేననను.

(సభలోంచి: ఇప్పుడు ఖరీదైన టీలు చేస్తున్నారుగా?)

చేస్తున్నారండీ. అక్కడికే వస్తున్నా. డిసెంబరు, జనవరిలో మంచు గడ్డకట్టే చలి పడుతుంది. ఆ చలిలో ఆకు నెమ్మదిగా ఎదిగి వాసన పట్టి ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా చేత్తో కోసి, నలగకుండా చేస్తే అది వేరే సరుకు. తెల్ల టీ, వెండి మొగ్గల టీ, ఇవి కొద్ది గ్రాముల ప్యాకెట్లలో అమ్ముతారు. చిన్న చిన్న ఫ్యాక్టరీలు కొన్ని ఈ దారి పట్టాయి. కిలోల్లో చూస్తే జిల్లా ఉత్పత్తిలో లెక్కలోకి రాదు. కానీ కలపడం, ప్యాకెట్టు, పేరు, మూడూ కొండ మీదే ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఉన్నవాడికి ఆకు ధర తేడా వస్తోంది, కోసే మనిషికి పని నైపుణ్యం కింద లెక్క. నాకు ఆశ ఉన్న చోటు ఇది.

క్యారెట్ సంగతి చెప్పకుండా ఊటీ వ్యాపారం చెప్పినట్టు కాదు. మీ ఇంట్లో సన్నగా, నిగనిగలాడే క్యారెట్ వచ్చిందంటే అది చాలావరకు ఆ కొండదే. కేత్తి వైపు అర్ధరాత్రి దాటాక వెళ్లండి. చీకట్లో నెత్తికి టార్చి కట్టుకుని చేల్లోంచి క్యారెట్ పీకి బస్తాలు మోస్తుంటారు. రోడ్డుపక్కన పెద్ద ఇనప డ్రమ్ములు గిరగిరా తిరుగుతుంటాయి, లోపల నీళ్ల ధార, పక్కనుంచి ఎర్రమట్టి నీళ్లు కాలవలోకి. నిమిషాల్లో మట్టిగడ్డ బయటికొచ్చేసరికి పెళ్లికూతురిలా ఉంటుంది. తెల్లారేసరికి లారీ మెట్టుపాళయం మండీలో ఉండాలి. కడిగిన క్యారెట్‌కీ కడగనిదానికీ ధరలో తేడా ఉంది, ఆ తేడా కొండ మీదే మిగులుతుంది. కడిగేవాళ్లు, మోసేవాళ్లు, డ్రమ్ము బాగుచేసేవాళ్లు, రాత్రి టీ అమ్మేవాళ్లు, ఎన్ని చేతులో చూడండి. నీటి వాడకం మీద తగువులున్నాయి, ఉండాల్సినవే.

కానీ ధర కట్టేది మెట్టుపాళయం. నీలగిరి రైతుల సహకార మార్కెటింగు సంఘం అక్కడ వేలం నడుపుతుంది, రైతుకి అది కాస్త కాపుదల. ఊటీలో, కూనూరులో ఉళవర్ సందైలు ఉన్నాయి. మన ఆంధ్రలో రైతుబజార్లు 1999 జనవరిలో వచ్చాయి, వాళ్లవి అదే ఏడాది నవంబరులో మొదలయ్యాయి. అవి మంచివే, కానీ ఊరి జనం ఎంత తింటారు? బెంగళూరు హోటళ్లకి బ్రకోలీ, లెట్యూస్ నేరుగా పంపే రైతులు కొద్దిమంది ఉన్నారు. హోటలువాడు నెల తిరిగాక డబ్బిస్తాడు. నెల ఆగగలిగినవాడికే ఆ వ్యాపారం.

ఇప్పుడు మన సంగతి, అంటే టూరిస్టుల సంగతి. ఒక కుటుంబం బెంగళూరు నుంచి వెళ్లి రెండు రోజుల్లో ఇరవై వేలు ఖర్చుపెట్టిందనుకుందాం. రూము యాప్‌లో బుక్ చేశారు, కమీషన్ అక్కడే పోయింది. హోటలు ఓనరు చెన్నైలోనో తిరుప్పూరులోనో ఉంటాడు. పెట్రోలు దారిలోనే కొట్టించారు. ఇక చాక్లెట్లు. ఊటీ వెళ్లి చాక్లెట్ తేకపోతే ఇంట్లో రానివ్వరు కదా. (నవ్వులు) కోకో చెట్టు ఊటీ చలికి బతకదండీ. దేశంలో కోకో ఎక్కువ పండేదే మన ఆంధ్రలో, గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడలో. బజార్లో చాలా దుకాణాలు బయటినుంచి వచ్చిన చాక్లెట్ దిమ్మలు కరిగించి, జీడిపప్పు కలిపి అచ్చు పోస్తాయి. ఊటీవి చల్లగాలి, చేతిపని. నేనేమీ వెక్కిరించడం లేదు. ఆ అచ్చులు పోసేది ఎక్కువగా ఆడవాళ్లు, ఇంటి వెనక గదిలో, ఆ డబ్బు వాళ్ల చేతికే వస్తుంది. ఇరవై వేలలో ఊళ్లో నిజంగా మిగిలేవి ఇలాంటి చిల్లరలే: చాక్లెట్, వర్కీ బిస్కెట్టు, ఆటో, ఉడికించిన మొక్కజొన్న.

వర్కీ తినండి, తప్పకుండా. పొరలు పొరలుగా ఉంటుంది, టీలో ముంచితే ఇంకా బాగుంటుంది. బేకరీ పొయ్యి దగ్గర వేడిగా తీసుకోండి, బస్టాండులో కాదు.

2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో నీలగిరికీ కొడైకెనాల్‌కీ ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో నీలగిరికి మామూలు రోజుల్లో 6 వేల బళ్లు, శని ఆదివారాల్లో 8 వేలు అని హద్దు కూడా వేశారు. వర్తకులు బందు చేశారు, పొట్ట కొట్టారన్నారు. వాళ్ల బాధ నాకర్థమవుతుంది, సీజన్ రెండు నెలల మీదే ఏడాది అద్దె కట్టాలి. కానీ నా అభిప్రాయం వేరు. పొద్దున ఎక్కి సాయంత్రం దిగే కారు ఊరికి ఇచ్చేది పార్కింగు రుసుము, చెత్త. మూడు గంటలు ట్రాఫిక్‌లో నిలబడ్డవాడు బజార్లో దిగి ఏమీ కొనడు, దిగడానికి చోటేదీ? ప్రభుత్వ బస్సుకి పాస్ అక్కర్లేదు, వచ్చేవాళ్లని బస్సులోకి మళ్లించండి అని ఆ వర్తకులే అడిగి ఉంటే వాళ్లకే లాభం. బస్సులో వచ్చినవాడు కాలినడకన తిరుగుతాడు, నడిచేవాడు కొంటాడు.

కొండ ఎంత మోయగలదో అంతే. 2019 ఆగస్టులో ఊటీకి దగ్గర్లోని అవలాంచిలో ఒక్కరోజులో 820 మిల్లీమీటర్ల వాన పడింది. మన అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేదానికంటే ఎక్కువ. 2009 నవంబరులో కొండచరియలు విరిగి నలభైమందికి పైగా పోయారు. తోట గీసి విల్లా కట్టేటప్పుడు ఇవి ఎవరూ బ్రోషర్లో వెయ్యరు.

కోటగిరి వైపు ఒక ప్రయత్నం గురించి చెప్పాలి. కీస్టోన్ ఫౌండేషన్ అని 1993లో మొదలైన సంస్థ, కురుంబ, ఇరుళ వాళ్లు కొండకొమ్ముల మీంచి తీసే తేనెతో పని మొదలుపెట్టింది. పూర్వం ఆ తేనె డబ్బాల్లో దళారికి పోయేది. తేనెపట్టు పిండకుండా వడకట్టడం, తేమ చూడటం, సీసాల్లో నింపడం, ఇవన్నీ ఊళ్లోనే నేర్పారు. తర్వాత ఆదివాసులే వాటాదారులుగా ఆదిమలై అనే ఉత్పత్తిదారుల కంపెనీ ఏర్పడింది. 2021లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దానికి వచ్చింది. మిరియం, కాఫీ, ఉసిరి కూడా అమ్ముతారు. తోడా తెగ ఆడవాళ్ల కుట్టుపని ఉంది, తెల్లబట్ట మీద ఎరుపు, నలుపు దారాలు. దానికి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక శాలువా కుట్టడానికి వారాలు పడుతుంది. బజార్లో మిషను మీద కుట్టిన నకలు ఐదారు వందలకి దొరుకుతుంది. మీరు ఏది కొంటారో మీ ఇష్టం, రెండింటికీ తేడా ఉందని తెలిసి కొనండి.

(సభలోంచి: మన అరకు సంగతేమిటి సార్?)

మంచి ప్రశ్న. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో దుకాణం పెట్టారు, తర్వాత ఇక్కడ ఇందిరానగర్‌లో కఫే. పేరు విషయంలో అరకు ఊటీకంటే ముందుంది. తేనీరు తాగేవాడు "నీలగిరి ఆకు ఇవ్వు" అని అడగడు, కాఫీ తాగేవాడు "అరకు" అని అడుగుతున్నాడు. కానీ అరకులో ఇప్పుడిప్పుడే రిసార్టులు లేస్తున్నాయి, ఆదివారం కార్ల వరస మొదలైంది. అక్కడ గిరిజనుల భూమి బయటివాళ్లకి పోకుండా చట్టం కాపు కాస్తోంది, 1/70 చట్టం. ఆ కాపు ఊటీలో లేదు. విశాఖ వైపువాళ్లు ఎవరైనా ఉంటే ఆ చట్టాన్ని అడ్డంకి అనడం మానండి.

(సభలోంచి: కోటగిరిలో ఎకరం తేయాకు తోట అమ్మకానికి ఉందంటున్నారు, కొనొచ్చా?)

(నవ్వుతూ) ఎక్కడ మాట్లాడినా ఈ ప్రశ్న వస్తుంది. చెబుతాను. ముందు ఆ సర్వే నంబరు ఏ తరగతి భూమో తాలూకా ఆఫీసులో చూడండి, ఏజెంటు చూపించిన కాగితం చూడకండి. తోటలో ఇల్లు కట్టడానికి అనుమతి రావడం వేరు, వస్తుందని అమ్మేవాడు చెప్పడం వేరు. వేసవిలో ఆ ఇంటికి నీళ్లెక్కణ్ణుంచి వస్తాయో అడగండి. కోయడానికి మనుషులు దొరకరు, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లతో నడుస్తున్నాయి తోటలు. రాత్రిపూట అడవిదున్నలు పెరట్లోకి వస్తాయి, వాటికి గేటు లెక్కే లేదు. ఇవన్నీ తెలిసి, అక్కడే ఉండి, పిల్లల్ని అక్కడే బడికి పంపి, ఆకు సొసైటీకి పోసేటట్టయితే కొనండి, నేనే దగ్గరుండి రిజిస్ట్రేషన్ చేయిస్తాను. ఏడాదికి రెండుసార్లు వెళ్లి తాళం తీసేటట్టయితే ఆ డబ్బు ఇక్కడే ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేసుకోండి. వెళ్లినప్పుడు ఊరివాళ్లు నడిపే హోమ్‌స్టేలో దిగండి, ఫోన్ చేసి నేరుగా మాట్లాడుకోండి.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. తెల్ల టీ ప్యాకెట్టు ఒకటి తెచ్చాను, ఫ్లాస్కులో వేడినీళ్లున్నాయి. పంచదార అడక్కండి.